వహీద్ భాయ్ కేబుల్

పాత తీగల్ని నీళ్ళలో మరిగించేటప్పుడు ఉప్పు వెయ్యాలా వద్దా అన్న దగ్గర మొదలైంది ఆ రోజు గొడవ.

వంట గొడవ కాదు, బాస్ గిటార్ తీగల గొడవ. లావుపాటి ఆ తీగలు వాయించగా వాయించగా చెమటా జిడ్డూ పట్టి మూగబోతాయి. కొత్తవి వెయ్యడానికి మనసొప్పని వాళ్ళు పాతవాటినే గిన్నెలో వేసి పొయ్యి మీద మరిగిస్తారు. మురికి వదిలి కొన్నాళ్ళపాటు మళ్ళీ ఖంగుమంటాయి. లోకంలో ఇంకే వాద్యగాళ్ళూ ఇలాంటి పని చెయ్యరు. చేసినా బయటికి చెప్పుకోరు.

“ఉప్పేస్తే తుప్పడతాది బావా, నా మాటిను. నానైతే మొన్న సింతపండేసినాను. తళతళలాడిపోతన్నాయి,” అని విజయనగరం నుంచి పైడిరాజు ఫోన్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు.

“చింతపండు ఏసినోనివి ఇంగువ తాలింపు గూడ పెట్టకపోయినవా? మంచిగ చారు అయితుండె,” అని సికింద్రాబాద్ నుంచి వహీద్ భాయ్.

“మీ ఇద్దరూ ఆగి నెమ్మదన్నని అడగండి. ఆయన తీగలు మార్చి ఏ కాలమైందో!” అని విశాఖపట్నం నుంచి వకుళ.

అందరి మాటలూ అయ్యాక కాకినాడ నుంచి నెహెమ్యా జవాబు వచ్చింది. “పెళ్ళికి ముందు వేసినవండి. ఇన్నేళ్ళలో మా ఆవిడే మార్చమనలేదు, మధ్యలో మీకేంటండి బాధ?”

అతనెప్పుడూ అంతే, ఆఖరున నింపాదిగా వస్తాడు. అందుకే వాళ్ళు అతనికి నెమ్మదన్న అని పేరు పెట్టారు. ఆ గ్రూపు పేరు ‘మూడో వరుస’. వేదిక మీద పాడేవాళ్ళది మొదటి వరుస, కీబోర్డుదీ లీడ్ గిటార్‌దీ రెండో వరుస. బాస్ వాయించేవాడు డ్రమ్ముల పక్కన చీకట్లో ఎక్కడో ఉంటాడు, ఫొటోల్లో సగం భుజం మాత్రం పడుతుంది. అతను వాయిస్తున్నాడని ఎవరూ గమనించరు. మానేస్తే మాత్రం పాట కింద నేల తీసేసినట్టుంటుంది.

వకుళ కృత్రిమ చేతులు తయారుచేసే ఒక పరిశోధనశాలలో పనిచేస్తుంది. పైడిరాజు గిటారు శబ్దం మార్చే పెడల్ ఏదైనా ఇవాళ కొంటే దాన్ని రేపు అమ్మేసి, ఎల్లుండి ఏడుస్తాడు. వహీద్ భాయ్ పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో వాయిస్తాడు. సౌండు సెట్ చేసేవాళ్ళ మీద ఆయనకి బొత్తిగా నమ్మకం లేదు. కార్యక్రమానికి ముందు గిటారు మెడలో వేసుకుని, వాయించుకుంటూ జనం కూర్చునే చిట్టచివరి వరుసదాకా నడిచివెళ్ళి తన బాస్ ఎలా వినబడుతోందో స్వయంగా విని వస్తాడు. అందుకోసం ప్రత్యేకంగా ఒక కేబుల్ చేయించుకున్నాడు. దాన్ని చక్రానికి చుట్టి మోసుకొస్తుంటే ఫంక్షన్ హాలు వాళ్ళు కరెంటు పనివాడనుకుని ఫ్యూజు ఎక్కడుందో చూపిస్తారు.

“అంత పొడుగు కేబులైతే సన్న శబ్దాలన్నీ దార్లోనే చచ్చిపోతాయి భాయ్,” అని వకుళ ఎప్పుడూ చెబుతుంది.

“పోతే పోనీయమ్మా. సన్న శబ్దాలతోని మనకేం పని?” అంటాడాయన.

ఇన్నేళ్ళ స్నేహంలో నలుగురూ ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. ఒకసారి మాత్రం ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఇంటర్నెట్టులో కలిసి వాయిద్దామని చూశారు. కాకినాడలో మీటిన తీగ సికింద్రాబాద్ చేరేసరికి రెప్పపాటు ఆలస్యం. అక్కడినుంచి జవాబొచ్చేసరికి ఇంకో రెప్పపాటు. వేరే వాద్యగాళ్ళయితే ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళే. వీళ్ళు బాస్ వాళ్ళు, ఎదుటివాడి కోసం ఆగడం వీళ్ళ రక్తంలోనే ఉంది. నలుగురూ ఒకరి కోసం ఒకరు ఆగారు. పాట నెమ్మదించి, నెమ్మదించి, మొదటి చరణం మధ్యలో నడుం వాల్చేసింది.

“ఏందిది? పాట వాయిస్తున్నమా, జోకొట్టి పండబెడుతున్నమా?” అన్నాడు వహీద్ భాయ్.

“నేనొకటి చేస్తాను. ఎవరూ నవ్వకూడదు,” అంది వకుళ.

ఆమె చేసిన దాని పేరు ‘సున్నా’. మోచేతి కింద కట్టుకునే ఒక పట్టీ. వేలు కదలడానికి ముందే చేతి కండరం సిద్ధమవుతుంది, కృత్రిమ చేతులు ఆ కదలికను పట్టుకునే పనిచేస్తాయి. ఈ పట్టీ కూడా అంతే. మీటబోయే స్వరాన్ని మీటకముందే ఊహించి అవతలి ఊళ్ళకి పంపించేస్తుంది. ప్రయాణంలో పట్టే ఆలస్యం, ముందుగా బయల్దేరిన లాభం చెల్లుకు చెల్లు, మిగిలే తేడా సున్నా. నలుగురికీ ఒకే పాట వినబడాలని, వాయించేవాడి చెవికి కూడా ఆ ముందే ఊహించిన స్వరమే వినిపించేలా వకుళ ఏర్పాటు చేసింది.

పట్టీలు పార్సిల్లో వచ్చిన వారమే నలుగురూ కట్టుకుని కూర్చున్నారు. నెహెమ్యా మొదటి తీగ మీటీ మీటకముందే స్వరం పలికింది. దాని పక్కనే విజయనగరం, విశాఖ, సికింద్రాబాద్, అన్నీ ఒక్క అడుగులో పడ్డాయి. నలుగురు బాస్ వాళ్ళు కలిసి వాయిస్తే వినడానికి ఎవరికి బాగుంటుంది? ఎవరికీ బాగుండదు. కింది వాటాలో గిన్నెలు గలగలలాడి ఇల్లుగలాయన పైకొచ్చాడు. నెహెమ్యాకి మాత్రం ఆనందంతో కళ్ళు చెమర్చాయి.

గుమ్మంలో నిలబడి అతని భార్య సలోమి నవ్వుతూ చూస్తోంది. సలోమికి చిన్నప్పటినుంచీ నత్తి. పాడితే మాత్రం మాట గడగడా ఏటి నీరులా వచ్చేస్తుంది, చర్చి పాటల బృందంలో ఆమెదే పెద్ద గొంతు. మాట్లాడబోతే మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేస్తుంది. ఎదుటివాళ్ళు జాలిపడి మిగతా మాట తామే అందించేస్తారు. అది ఆమెకి చెంపదెబ్బ కంటే ఎక్కువ. పెళ్ళికి ముందు, పాటల సాధన దగ్గర నెహెమ్యా ఆమె పేరడిగాడు. ఆమె పేరు బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. అతను గిటారు మీద చెయ్యి ఆనించి అలాగే నిలబడ్డాడు. తల ఊపలేదు, నవ్వలేదు, సాయం చెయ్యలేదు. పేరు పూర్తిగా వచ్చాక, “నా పేరు నెహెమ్యా అండి,” అన్నాడు. ఇతన్నే చేసుకుంటానని సలోమి ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పింది, అదీ చాలాసేపు పట్టింది.

మిగతా ముగ్గురూ వారానికోసారి కలిసినప్పుడే పట్టీ కట్టేవాళ్ళు. నెహెమ్యాకి అది చెయ్యి విడిచి ఉండలేని వ్యసనమైంది. సాధన చేసినా, ఊరికే కూర్చుని నాలుగు తీగలు మీటినా చేతికి సున్నా ఉండాల్సిందే. వేలుకంటే ముందు పలికే ఆ శబ్దంలో ఏదో మత్తుంది. తనేం అనుకుంటే అది అయిపోతోందనిపించేది.

కొన్ని వారాలకి చర్చిలో తేడా కనబడింది. పట్టీ లేకుండా మామూలుగా వాయిస్తున్నాడు, అయినా పాట ఉరుకుతోంది. డ్రమ్ములు వాయించే స్టీఫెను ఆరాధన అయ్యాక చెమట తుడుచుకుంటూ, “ఏంటన్నయ్యా, రైలేమైనా అందుకోవాలాండీ ఇవాళ?” అన్నాడు. నెహెమ్యా నవ్వేశాడు. తనకి మాత్రం అందరూ ఈడ్చుకుంటూ వస్తున్నట్టే అనిపించింది.

తర్వాత దుకాణంలో. అతనిది కళ్ళజోళ్ళ దుకాణం. గోడకున్న బోర్డు మీది అక్షరాల్ని ఎదుటివాళ్ళు చదివేదాకా ఓపిగ్గా కూర్చోవడమే అక్కడ అసలు పని. ఒక పెద్దావిడ కళ్ళు చికిలించి మొదటి అక్షరం అందుకుందో లేదో, మిగతావన్నీ అతనే గబగబా చదివేశాడు. “బ్రహ్మాండంగా కనబడుతోందండి మీకు,” అని అద్దాలు బిగించి ఇచ్చేశాడు. ఆవిడ మర్నాడే తిరిగొచ్చింది. “కనబడ్డం దేవుడెరుగు నాయనా, మా ఇంటి మెట్లు రెండు వరసలుగా అగుపిస్తన్నాయి. ఏ వరస మీద కాలెట్టను?” అంది. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు, అతనూ నవ్వాడు.

నవ్వలేనిది ఇంట్లో జరిగింది. జరిగినప్పుడు అతనికి తెలియనైనా లేదు.

ఆ సాయంత్రం సలోమి తను పనిచేసే రక్తపరీక్షల ల్యాబు నుంచి వచ్చి, బెండకాయలు ముందేసుకుని కూర్చుంది. ముఖం వెలిగిపోతోంది. “ఏవండీ, అయ్యగారు కో… కో…”

“కోత పండక్కి పాట పాడమన్నారా? పాడదాం, దానికేముంది?”

ఆమె తల అడ్డంగా ఊపింది. “కాదండీ. వా… వాక్యం చ…”

“బైబిల్లో వాక్యం చదవమన్నారా? నిన్నా? అంతమంది ముందా? అయ్యగారికి మతిగాని పోయిందేంటి! నువ్వేం కంగారు పడకు, నేను చెప్పేస్తాలే.” చెప్పడమేమిటి, అప్పటికప్పుడే ఫోన్ తీసి పాస్టరుగారికి చెప్పేశాడు, ఈసారికి ఇంకెవరినైనా చూసుకోమని. భార్యని పెద్ద గండం నుంచి గట్టెక్కించానని తృప్తిపడ్డాడు కూడా. సలోమి చేతిలో చాకు అలాగే ఉండిపోయింది. తెరిచిన నోరు మెల్లగా మూసుకుంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఆమె మాట తగ్గింది. ఏమడిగినా తల ఊపడమే. ఒకరోజు అతను హాల్లో ఉండగా ఫోన్ మోగింది. వంటింట్లోంచి సలోమి మెసేజ్, ‘అన్నం పెట్టాను, రండి’ అని.

అతను విస్తుపోయి వంటింట్లోకి వెళ్ళాడు. “పక్కగదిలోంచి మెసేజేంటి సలోమీ?”

ఆమె అతని వైపు చూడకుండానే ఫోన్ మీద మళ్ళీ వేళ్ళు ఆడించింది. అతని చేతిలో ఫోన్ వణికింది. ‘రాస్తే మధ్యలో అందుకోలేరు కదండీ.’

నెహెమ్యా కంచం ముందు కూర్చున్నాడు. కొన్ని వారాలుగా భార్య నోట్లోంచి ఒక్క పూర్తి మాట తను వినలేదని అప్పుడు తట్టింది. ఎవరు ఆగకపోయినా తను ఆగుతాడని నమ్మి వచ్చిన మనిషి. ఆమె దగ్గరే తను ఆగలేకపోతున్నాడు. ఆగుదామని గట్టిగా అనుకున్నాడు కూడా. మర్నాడు ఆమె నోరు తెరవగానే, అనుకున్నదంతా మరిచి మాట అందించేశాడు. తుమ్ము ఆపుకోవడం తేలికేమో గానీ ఇది కాదు.

గ్రూపులో చెప్పుకున్నాడు. చర్చిలో పాట ఉరుకుతోందన్నదే చెప్పాడు, ఇంటి సంగతి చెప్పలేకపోయాడు. బాస్ వాళ్ళకి మనిషికి జ్వరమొచ్చినా తప్పు సామానుదే అనిపిస్తుంది.

“తీగలు మార్చన్నా, అప్పుడే సెప్పినాను కదేటి!” అన్నాడు పైడిరాజు. “లావు తీగలెయ్యి, ఏలు బరువెక్కుతాది. నా కాడో సెట్టుంది, మొన్ననే మరగేసినాను.”

“బ్రిడ్జి కాడ తీగల కింద స్పంజి ముక్క పెట్టు. చప్పుడు మెత్తగ అయితది, నువ్వు గూడ మెత్తగ అయితవ్,” అన్నాడు వహీద్ భాయ్.

నెహెమ్యా అన్నీ చేశాడు. తీగల్ని ఎత్తాడు, దించాడు, స్పంజి పెట్టాడు, తీశాడు. ఎక్కడి గొంగళి అక్కడే. చివరికి వకుళకి ఒక్కదానికే ఫోన్ చేసి, సలోమి సంగతి కూడా చెప్పాడు.

“అన్నా, ఒకసారి విశాఖ రాగలరా?” అంది ఆమె.

పరిశోధనశాలలో ఎవరిదో ప్లాస్టిక్ చెయ్యి బల్ల మీద వేళ్ళు ముడుచుకుని పడుంది. వకుళని నెహెమ్యా మొదటిసారి చూడటం అదే, అనుకున్నదానికంటే చిన్నపిల్ల. ఆమె అతని ముందు ఒక దీపం, ఒక మీట పెట్టింది. “దీపం వెలిగాక నొక్కాలి. అంతే.”

అతను శ్రద్ధగా నొక్కుతూ పోయాడు. అయ్యాక ఆమె తెర తిప్పి చూపించింది. “దాదాపు ప్రతిసారీ వెలగకముందే నొక్కారన్నా.”

“లేదమ్మా. వెలిగింది, నేను చూశాను.”

“వెలుగుతుందని అనుకున్నారు. అనుకున్నదాన్నే చూశారు.” ఆమె తెర ఆర్పేసింది. “తప్పు నాదన్నా. మీ చెవికి కూడా ముందే ఊహించిన స్వరాన్నే వినిపించాను. ఊహిస్తే పాట కుదురుతుంది, ఆగితే తప్పుతుందని రోజూ మీ మెదడుకి నేర్పించాను. అది వేళ్ళతోనే ఆగలేదు. ఎదుటి మనిషి దగ్గర కూడా ఇక ఆగడమెందుకని నేర్చేసుకుంది.”

“మరి వాళ్ళిద్దరికీ ఏం కాలేదేం?”

“వాళ్ళు వారానికోసారే కట్టుకున్నారు. పైగా మీ చేతికున్నంత నిలకడ వాళ్ళకి లేదు. నిలకడైన చేతిని ఊహించడం తేలిక. మా అందరికంటే అది మిమ్మల్నే బాగా నేర్చుకుంది.”

“పోతుందా అమ్మా ఇది?”

“తెలీదన్నా. దీన్నే తిరగేసి, శబ్దం ఆలస్యంగా వినిపించేలా చెయ్యొచ్చు. అప్పుడు మెదడు వెనక్కి…” ఆమె పట్టీ చేతిలోకి తీసుకుంది.

నెహెమ్యా చెయ్యి తనకు తెలియకుండానే వెనక్కి వెళ్ళిపోయింది. “ఇంకోసారి దాన్ని కట్టుకోలేనమ్మా. ఏమీ అనుకోకు.”

ఆమె అనుకోలేదు. పట్టీని సొరుగులో పడేసి తాళం వేసింది. దాన్ని త్వరలోనే బజారులోకి తెద్దామని పైవాళ్ళు ఉబలాటపడుతున్నారు. వద్దని ఆ ఉదయమే వాళ్ళకి చెప్పేసిందట. ఇంతకాలం పడ్డ కష్టం ఒక్క సొరుగులో పట్టింది. స్టేషన్లో దిగబెట్టేటప్పుడు, “వదినకి నా తరఫున…” అని ఆగిపోయింది. నెహెమ్యా ఆ మాట కూడా తనే అందించాడు. “చెప్తాలే అమ్మా, క్షమించమన్నావని.” ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.

తర్వాత కొన్నాళ్ళు మూడో వరుసలో చప్పుడు లేదు. జరిగిందంతా తెలిశాక పైడిరాజు కూడా ఏ పెడలూ అమ్మలేదు. ఆ మౌనం భరించలేక చివరికి వహీద్ భాయే ఒక ఫొటో పెట్టాడు. ఏదో పెళ్ళిలో ఆయన కేబుల్ భోజనాల బల్ల కాళ్ళకి మెలేసుకుని, గులాబ్‌జామూన్ల గిన్నె ఒరిగిపోయి ఉంది.

“పెండ్లికొడుకు మేనమామ ఉరికిచ్చి కొట్టెటోడే. ఆఖరి వరుసల నిలబడి వాయిస్తున్న. నడుమల గీ లొల్లి.”

“అంత దూరం పోయి ఏటి ఇంటావు భాయ్?” అన్నాడు పైడిరాజు.

“గదే ఎవనికి అర్థం కాదు. గంత దూరం నుంచి నా చప్పుడు నాకే లేటుగ వస్తది. కొత్తల మస్తు పరేషాన్ అయిన. చప్పుడు రాలేదని ఇంకోటి కొడితే పాట ఖరాబ్. కొట్టాలె, ఊకోవాలె. దాని టైముకు అది వస్తది.”

దుకాణంలో కూర్చున్న నెహెమ్యా ఆ మెసేజ్ మళ్ళీ చదివాడు. కొట్టాలి, ఊరుకోవాలి, దాని టైముకి అది వస్తుంది. వెంటనే టైపు చేశాడు. “వహీద్ భాయ్, ఆ కేబుల్ కొన్నాళ్ళు నాకు ఇస్తారాండీ?”

“ఎందుకన్నా? నీ ఇంట్ల పడతదా అది?”

అంతలో వకుళ వచ్చి పడింది. “ఆగండాగండి! గాలిలో శబ్దం నెమ్మదిగా పోతుంది కదా… అన్నా, మీ చర్చి మైదానం ఎంత పొడుగుంటుంది?” నెహెమ్యా సుమారుగా చెప్పాడు. ఆమె లెక్క వేసుకుని వచ్చింది. “పట్టీ మీ దగ్గర ఎంత సమయం దొంగిలించిందో, ఆ చివరినుంచి ఈ చివరికి శబ్దం రావడానికి దాదాపు అంతే పడుతుంది! ఏ పట్టీ అక్కర్లేదు. గాలి చాలు.”

“అయితే నా కేబుల్ ఇప్పుడు మందు అన్నట్టు,” అన్నాడు వహీద్ భాయ్. “గిన్నేండ్ల సంది నవ్విన్రు గదా, అందరు లైన్ల నిలబడి సారీ చెప్పున్రి.”

కేబుల్ పార్సిల్లో దిగింది. నెహెమ్యా ఆంప్లిఫయర్‌ని చర్చి వరండాలో పెట్టి, గిటారు మెడలో వేసుకుని, కేబుల్ విప్పుకుంటూ మైదానం దాటి ప్రహరీ గోడదాకా వెళ్ళాడు. రోడ్డు మీద ఆటోవాడు ఆపి, “కొత్త లైనేస్తన్నారాండీ? మా వీధికెప్పుడొస్తదండి?” అని అడిగాడు.

మొదటి రోజు నరకం. తీగ మీటాడు, శబ్దం రాలేదు. కంగారుగా ఇంకోటి మీటాడు, అప్పుడు మొదటిది వచ్చింది. దాన్ని సరిచెయ్యబోతే రెండోది వచ్చింది. తన చప్పుడు తననే వెక్కిరిస్తోంది. చెమటతో తడిసి ముద్దయి, గిటారు నేలకేసి కొడదామా అన్నంత కోపమొచ్చింది.

అప్పుడే వరండా మెట్ల మీద సలోమి కనబడింది. ల్యాబు నుంచి నేరుగా వచ్చినట్టుంది, భుజానికి సంచీ ఉంది. విషయమంతా అతను ఆమెకి ముందే చెప్పాడు. ఆమె విని తల ఊపిందే గానీ ఏమీ అనలేదు. ఇప్పుడు వచ్చి కేబుల్ చక్రం పక్కన కూర్చుంది. కూర్చుని పాట ఎత్తుకుంది.

ఆ గొంతు కూడా మైదానం దాటి ఆలస్యంగానే వచ్చింది. తన తీగ శబ్దమూ, ఆమె పాటా పక్కపక్కనే నడిచి వస్తున్నాయి. వాటిని అందుకోవాలని అతను పరుగెత్తినప్పుడల్లా రెండూ విడిపోయాయి. ఊరుకున్నప్పుడు కలిశాయి.

రోజూ సాయంత్రం అదే పని. చక్రం సలోమి చేతిలో ఉండేది. అతను ఉరికితే చక్రం కదలదు. పాటంతా ఆగి ఆగి వాయించగలిగితే ఆమె కాస్త కేబుల్ చుట్టేది, అతను అంతమేరకు ముందుకు రావాలి. కొన్ని రోజులు ఒక్క చుట్టు కూడా దక్కలేదు. గ్రూపులో రోజూ వాకబు చేసేవాళ్ళు. “ఇయ్యాల యాడిదాకా వచ్చినవన్నా?” “కొళాయి దాటానండి.” “శభాష్!” పైడిరాజు ఒకసారి, “వరండా కాడికొచ్చినాక ఆ కేబులు అమ్ముతావా?” అని అడిగి తిట్లు తిన్నాడు.

దుకాణంలో జనం మళ్ళీ తమ అక్షరాలు తామే చదువుకోసాగారు. రెండు వరసల మెట్ల పెద్దావిడ మొదటి గీత నుంచి చివరి గీతదాకా చదివి, “ఇయ్యాల నోరు మూసుకున్నావు, సంతోషం,” అని దీవించి వెళ్ళింది. కొత్త అద్దాల్లో ఆవిడకి మెట్లు ఒక్క వరసే కనబడ్డాయి.

కేబుల్ దాదాపు చుట్టేసి, అతను వరండా ముందుకి వచ్చిన సాయంత్రం సలోమి పాట ఆపి లేచి నిలబడింది. నోరు తెరిచింది. “నేను… చ… చ…”

మాట ఆమె గొంతులో చిక్కుకుంది. అతని నాలుక మీద ఒక మాట అప్పటికే తయారై, పెదవి దాటబోతోంది. కొట్టాలి, ఊరుకోవాలి. అతను తీగల మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఆమె మెడ నరాలు బిగుసుకున్నాయి, కళ్ళు మూసుకుంది, మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ ఆగింది. అతను తల ఊపలేదు, నవ్వలేదు. నాలుక మీది మాట కాసేపు గింజుకుని, తనంతట తానే చల్లారిపోయింది.

“చ… చదువుతానని చెప్పానండీ. అయ్యగారికి.”

నెహెమ్యాకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. “కోత పండక్కి… నువ్వు ఒప్పుకున్నావా?”

ఆమె అవునన్నట్టు చూసింది.

“ఒప్పుకున్నానని చెప్పడానికొస్తే, నేను ఫోన్ చేసి వద్దని చెప్పేశానా?” అతను గిటారు మీంచి చెయ్యి తీసేశాడు. “ఆపలేదేం సలోమీ?”

“మీ… మీరు ఆగితేగా.”

జీవితంలో మొదటిసారి నలుగురి ముందు పాడటానికి కాక మాట్లాడటానికి నోరు తెరుద్దామని ధైర్యం కూడగట్టుకున్న మనిషి. ఆ నోరు మూయించింది తను. అతనికి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు కూడా. కళ్ళు తుడుచుకుంటూనే, “ఉండు, ఇప్పుడే చెప్పి వస్తాను,” అని పాస్టరుగారి ఇంటివైపు పరుగందుకున్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో కేబుల్ బిగిసి వెనక్కి లాగేసింది. మెడలో గిటారున్న సంగతే మరిచిపోయాడు. ఎన్నో వారాల తర్వాత సలోమి పకపకా నవ్వింది. ఆ నవ్వుకి అతని గుండెల మీంచి బండ దిగినట్టయింది.

“నే… నేనే చెప్తాను,” అంది ఆమె.

కోత పండుగ నాడు చర్చి అరటిగెలలతో, గుమ్మడికాయలతో, వరి కంకులతో నిండిపోయింది. సలోమి నీలంచీర కట్టుకుని బైబిలు పట్టుకుని ముందుకొచ్చింది. నెహెమ్యా మూడో వరుసలో, డ్రమ్ముల పక్కన, గిటారు మెడలో వేసుకుని నిలబడ్డాడు. చేతికి పట్టీ లేదు. తీగలు మాత్రం పెళ్ళికి ముందువే.

మొదటి మాటే పట్టేసింది. ముందు బెంచీల్లో ఆడవాళ్ళ పెదవులు ఆ మాటని అందించడానికి కదులుతున్నాయి. ఇబ్బందిని కప్పిపుచ్చుదామని కీబోర్డు వాయించే ఆయన చెయ్యి కీల మీదికి వెళ్ళింది. నెహెమ్యా అతని వైపు చూసి వద్దన్నట్టు తల ఊపాడు. ఆ చెయ్యి ఆగింది.

సలోమి అతని వైపు చూడలేదు, చూడాల్సిన అవసరం లేకపోయింది. ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. మాట వచ్చింది. దాని వెనకాల ఇంకోటి వచ్చింది. మధ్యలో ఇంకెన్నోచోట్ల చిక్కుకుంది, చిక్కుకున్న ప్రతిచోటా చర్చి మొత్తం ఆమె కోసం ఆగింది. ఆ కీర్తన చదవడం పూర్తయ్యేసరికి పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. ఆ వెంటనే పాట ఎత్తుకున్నారు, నెహెమ్యా తీగ పలికింది, పాట కింద నేల కుదురుకుంది.

ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే జేబులో ఫోన్ ఆగకుండా కొట్టుకుంటోంది. మూడో వరుస వాళ్ళు. ‘ఎట్లయింది?’ ‘ఏటైనాదన్నా, సెప్పేటి!’ ‘వదిన చదివారా?’ అతను ఫోన్ తీసి చూసి, మళ్ళీ జేబులో పెట్టేశాడు. ఎందుకంటే సలోమి పక్కకొచ్చి నిలబడి, నోరు తెరిచింది.

“ఏవండీ… ఇ… ఇ…”

అతను ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా అలాగే నిలబడ్డాడు. ఆమె ఏం చెప్పబోతోందో అతనికి తెలియదు. ఒక్క మాటైనా నాలుక మీదికి రాలేదు. తెలియకపోవడం ఇంత హాయిగా ఉంటుందని అతను మరిచేపోయాడు.

“ఇవాళ రెం… రెండో చరణం దగ్గర మీరు లే… లేటయ్యారండీ.”

నెహెమ్యా ఆ రెండో చెప్పు వేసుకోవడం మరిచిపోయి, కళ్ళల్లోంచి నీళ్ళు కారేదాకా నవ్వాడు.